సాగిన టేపు

కొర్లగుంటలో మా ఇల్లు ఒకటిన్నర గది.
ఆ అరలో నా కుట్టు మిషను.
ఒకటిలో బడి.

గంట లేదు.
కుక్కర్ మూడో విజిలు వేస్తే
మొదటి పీరియడు.

జాతరప్పుడు పుట్టిందని గంగి అంటాం చిన్నదాన్ని. నాలుగేళ్ళు.
దాని ముందర గుండీల డబ్బా బోర్లిస్తాను.
రెండు కళ్ళవి ఒక గిన్నెలో, నాలుగు కళ్ళవి ఒక గిన్నెలో.
కాసేపటికి చూస్తే
మూడో గిన్నె ఒకటి వచ్చి కూర్చుని ఉంటుంది.
"ఇదేందే?"
"ఇవి నిద్రపోతా ఉండాయిమా."
వెనక కొక్కెంతో కుట్టే గుండీలు,
పైకి ఒక్క కన్నూ లేనివి.

మునిచరణ్‌కి తొమ్మిది.
క్లాసులో "ప" దగ్గర వాడు ఆగిపోతే
నలభై మంది కలిసి ఆ మాట పూర్తిచేసేవాళ్ళు.
ఇంటికి తెచ్చుకున్నాను.
చేతులకు నత్తి లేదు కదా.

హ్యాంగరుకు రెండు కొబ్బరి చిప్పలు కట్టి తక్కెడ చేశాడు.
నిండు దారపు రీలు ముప్పై ఏడు చింతగింజలు.
సగమైన రీలు పద్దెనిమిదిన్నర ఉండాలా?
ఇరవై మూడు తూగింది.
రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు.
మూడో రోజు ఖాళీ రీలును చిప్పలో వేశాడు.
తొమ్మిది గింజలు.
గోడమీద సుద్దతో లెక్క రాసి
నన్ను చెయ్యిపట్టి లాక్కొచ్చి చూపించాడు.

పదమూడేళ్ళ వకుళది ఓపెన్ స్కూలు, మేడమీద.
స్ట్రాకు దారం, దారానికి బాబిను,
పక్కన పాత కోణమానిని.
శేషాచలం ఎత్తు తీస్తానంది.
మొదటిసారి వచ్చిన జవాబు ప్రకారం
కొండ మా నీళ్ళ ట్యాంకు కన్నా పొట్టి.
ముగ్గురూ పడీపడీ నవ్వారు.

"పిలకాయల్ని ఇస్కూలుకు పంపకుండా
ఏం చేస్తా ఉండావు సరోజా?"
ఎదురింటి ఆమె అడిగిన రోజు
నవ్వేసి తలుపేసుకుంటాను.
రాత్రి మాత్రం కాజాలు కుట్టే సూది
ఊరికే ఆగిపోతుంది.

మొన్న వకుళ స్టీలు స్కేలు కొనుక్కొచ్చింది.
చరణ్ దాని పక్కన నా టేపు పరిచాడు.
టేపు పన్నెండు అంటే
స్కేలు పన్నెండుంబావు అంది.
"స్కేలే తప్పురా" అన్నాను.
వాడేమీ అనలేదు.
చెంగల్రాయుడి వడ్రంగి షెడ్డుకు పోయి
ఇనుప టేపు అరువు తెచ్చాడు.
స్కేలు గెలిచింది.

పద్నాలుగేళ్ళు నా మెడలో వేలాడి
నాకు తెలియకుండా సాగిపోయింది టేపు.
కాళ్ళు చల్లబడ్డాయి.
ఇన్ని జాకెట్లు, ఇన్ని పావడాలు,
ముహూర్తానికి గంట ముందు ఇచ్చినవి,
అన్నీ తప్పు కొలతలేనా?

పెన్సిలు కొరుకుతూ చాలాసేపు కూర్చుంది వకుళ.
"లేదుమా. ఒంటిని కొలిచిందీ దీంతోనే,
గుడ్డ కత్తిరించిందీ దీంతోనే.
తప్పూ తప్పూ కొట్టుకుపోయినాయి."

హమ్మయ్య అని చాప మీద కూలబడ్డాను.
అప్పుడు చరణ్ నోరు తెరిచాడు.
"పు... పు..."
ఎవ్వరం పూర్తిచెయ్యలేదు.
గంగి కూడా గుండీని గాల్లోనే ఆపింది.
బయట కూరగాయల బండి వచ్చి, అరిచి, పోయింది.
"పుత్తూరు అత్త."

అవును.
రానుపోను ఖర్చెందుకని
కాగితం మీద కొలతలు రాసి పంపే మా వదిన.
ప్రతిసారీ లూజు, ప్రతిసారీ లూజు.
చిక్కిపోయావు వదినా, సరిగ్గా తిను అని
ప్రతిసారీ నేనే ఆమెను కోప్పడ్డాను.

ఫోను చెయ్యబోతూ అడిగాను వకుళని,
"కొండ పొట్టిగా వచ్చింది కూడా ఈ టేపు వల్లేనా?"
తల అడ్డంగా ఊపింది.
"పావంగుళానికి కొండ పోదుమా.
ఆ తప్పు వేరే.
అది ఇంకా దొరకలేదు."