ఎడమ భుజం

దెబ్బ పక్కటెముకల కింద తగిలింది.
నొప్పి భుజం మీద అంది.

అక్కడే నాకు నోరెండిపోయింది.

పెదజాలారిపేట ఇసకలో స్నేహపు మ్యాచి.
కూతకెళ్ళి గీత వైపు తిరిగిన నూకరత్నాన్ని
గాజువాక పిల్ల జోషిత మోకాలు ఆపింది.
తప్పు కాదు, ఆటే.
పడింది, లేచింది, ఇసక దులుపుకుంది,
గీత అందిందా లేదా అని నాతోనే తగువేసుకుంది.
మరో రెండు కూతలకీ వెళ్ళింది.
మూడోసారి కూత మధ్యలో తెగింది.

ఆయాసం కాదు టీచరుగారూ,
ఈ భుజం లాగేస్తంది, అంతే.
ఎడమది.
దాన్నెవరూ ముట్టుకోలేదు. నేను చూస్తూనే ఉన్నాను.

ప్లీహం చిట్లితే
రక్తం పాకి ఊపిరి కింది పొరని తాకుతుందనీ
ఆ పొరా భుజమూ ఒకే తీగ మీద కబుర్లు పంపుకుంటాయనీ
రైల్వే ఆసుపత్రి శిక్షణలో చెప్పారొకప్పుడు.
ఆ పూట నేను కిటికీలోంచి గూడ్సు పెట్టెలు లెక్కపెడుతున్నాను.
ఈ ఒక్క మాటా ఎలా మిగిలిందో.

పడుకోబెట్టి మోకాళ్ళు మడిచాను.
నుదుటి చెమట చల్లగా ఉంది,
సముద్రపు గాలి చల్లదనం కాదది.
మణికట్టులో నాడి
వలలో కవళ్ళలా కొట్టుకుంటోంది.
పొట్ట మీద చెయ్యి ఒక్కసారే ఆనించాను.
తెప్పచెక్క.
మళ్ళీ తాకలేదు.
ఆరూ పదికి దెబ్బ, ఆరున్నరకి భుజం,
అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను.

నెత్తిన చేపల బేసినుతోనే పరిగెత్తుకొచ్చింది తల్లి మసేనమ్మ.
అమ్మా, దాహం.
గోలీసోడా కొట్టింది. సీసా పట్టుకున్నాను.
దాహమంటే తాగనివ్వవేటి? నువ్వేటి మనిషివి?
ఆపరేషన్ పడొచ్చమ్మా, చుక్క కూడా వద్దు.
నా కూతురికి నాను తాపుకుంటాను, అడ్డు లెగు!
చేప పొట్ట నొక్కి
నిన్నటిదో ఇవాళ్టిదో చెప్పే బొటనవేలు ఆమెది.
అది కూతురి పొట్ట వైపు వెళ్ళింది.
దాన్నీ పట్టుకున్నాను.
ఊరు ఊరంతా చూస్తోంది,
దాహమన్న పిల్ల గొంతుకడ్డంగా
నన్ను.

నూట ఎనిమిది బండి ఇసకలోకి రాదు.
పడవ పలక మీద నలుగురు మోశారు బీచిరోడ్డు దాకా.
కుదపొద్దు, అడుగు కలపండి అంటున్నాను.
కాళ్ళ వైపు పట్టింది జోషిత,
ముక్కు తుడుచుకోడానికి చెయ్యి ఖాళీ లేక
అలాగే ఏడుస్తూ.

లోగడ ఒక కుర్రాడు. ఫుట్‌బాల్, నడుం మీద బూటు.
మూత్రం డికాషన్ రంగులో పోతోందని
మూడ్రోజులు చెప్పలేదు, సిగ్గు.
నేనూ అడగలేదు. నాకూ సిగ్గే.
ఒక్క మూత్రపిండంతో బతుకుతున్నాడు.
సిటీబస్సులో కనిపిస్తే లేచి సీటిస్తాడు.
ఆ సీట్లో కూర్చోవడం నాకింకా చేతకాలేదు.

కేజీహెచ్ ఎత్తెక్కేసరికి
నూకరత్నం పెదవులు సున్నం రంగు.
డాక్టరుకి అరచెయ్యి చూపించాను.
చెమటకి సిరా చెదిరింది,
నోటితో చెప్పాను: ఎక్కడ, ఎప్పుడు, ఏ భుజం.
ఆయన మొహమెత్తి నన్ను చూసి
స్ట్రెచర్ని పరిగెత్తించాడు.

రాత్రి మూడింటికి తలుపు తెరుచుకుంది.
ప్లీహం తీసేశారు, పిల్ల ఉంది.
మసేనమ్మ ఒడిలో సోడా సీసా ఇంకా అలాగే ఉంది.
నావైపు చూడకుండా జరిపింది.
గ్యాసు పోయి వట్టి నీళ్ళు.
చెరో గుక్క తాగాం.

ఇప్పుడు నూకరత్నం గీత బయట కూర్చుని పాయింట్లు రాస్తుంది.
జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకూడదని
జేబులో కార్డు.
మిగతా పిల్లలకి నేనొక వేళాకోళం.
చెప్పు తెగినా సరే,
టీచరుగారూ, ఎడమ భుజం! అంటారు.
నవ్వుతాను.
నవ్వుతూనే మొహం రంగు చూస్తాను.