చెక్క మీద తేదీలు

నరసాపురం బస్టాండు వెనక నా కొట్టు.
రేడియోలు బాగుచేస్తాను. అంటే, ఒకప్పుడు.
ఇప్పుడెక్కువ ఫ్యాన్లూ, దోమల బ్యాట్లూ.
ఎప్పుడో ఓ రేడియో వస్తే
చుట్టం వచ్చినట్టు బల్ల తుడుస్తాను.

బల్ల వెనక చెక్క మీద పెన్సిలుతో ఓ లెక్క:
రాజమండ్రి స్టేషను
మొదటి క్రిస్మస్ పాట ఏ రోజు వేసిందో.
ఎందుకంటే ఏం చెప్పను.
కొందరు గోదారి మట్టం రాసుకోరూ, అలాగ.

మొదటి గీత డిసెంబరు పదిహేను.
మాసూళ్ళయిపోయి కుప్పల మీద మంచు.
మరుసటేడు ఒకటో తారీకు.
ఆ పైన కార్తీక పున్నమి వెళ్ళిన వారం.
ఆ పైన నాగుల చవితి.
పుట్టలో పాలు పోసొచ్చి మా ఆవిడ స్విచ్ వేస్తే
బెత్లెహేము.
ఈ ఏడు అట్లతద్ది.
ఉయ్యాల తాళ్ళింకా విప్పలేదు,
వరి ఇంకా పాలు పోసుకుంటోంది,
చెప్పుల కొట్టు తగ్గింపుకీ బట్టల కొట్టు తగ్గింపుకీ నడుమ
గంటలు గణగణ.

మొగల్తూరు రోడ్డు నుంచి సువార్తమ్మ వచ్చింది, లేసు సంచీతో.
"అప్పుడే మొదలెట్టేశారు, విన్నావా" అన్నాను.
"ఆయ్. మాకు ఆషాఢంలోనే వచ్చేసిందండి ఆచారిగారూ.
ఆరు కొమ్మల మంచుపూలంట, రెండు వేలు.
ఏ దేశంలోనో చెట్టుకి కడతారంట.
ఉక్కపోతలో అల్లేం.
దారానికి చెమటంటితే ఏజెంటు డబ్బులు కోస్తాడు."

సంచీ అడుగు నుంచి రేడియో తీసింది.
మూలకి ప్లాస్టరు, బ్యాటరీ మూత బదులు రబ్బరు బ్యాండు.
"పలకట్లేదా?"
"పలుకుద్ది.
ఆ స్టేషను ఒక్కటీ తగలకుండా చెయ్యగలరా?"

యోబు నాకు తెలుసు.
డోలక్ వాయించేవాడు.
డిసెంబరు రాత్రుళ్ళు కేరల్స్‌కి బయల్దేరితే
కాలవ గట్టు పొడుగునా ముందు పెట్రోమాక్సు,
వెనక పిల్లలు, ఆ వెనక కుక్కలు.
మా వీధిలో ఆ దేవుడి వాళ్ళు రెండిళ్ళే.
అయినా అందరం తలుపులు తీసేవాళ్ళం, ఆ డోలక్కి.
పది రోజులు. ఆ పదీ అంతే.
మూడేళ్ళ కిందట ఆ పదిలోనే ఓ రాత్రి
రొయ్యల చెరువు మోటారు కాడ
కరెంటు.

"ముందు పది రోజులే ఏడ్చేదాన్ని" అంది
దారపుండ సర్దుకుంటూ, వంకాయల ధర చెప్పినట్టు.
"ఇప్పుడు దసరా వెళ్ళగానే మొదలవుతోంది.
ఆళ్ళు జరిపిన కొద్దీ నాకూ జరుగుతోంది."

చెయ్యొచ్చు. పెద్ద పనేం కాదు.
డయలు లోపల చిన్న మేకు అడ్డం పెడితే
ముల్లు అటు పోదు.
"కానీ అమ్మా, మేకు అవతలే
తుపాను కబుర్లు చెప్పే స్టేషను.
అదీ పోతుంది. అసలే రోజులు బాగోలేవు."

టీ కొట్టులో పాట నడుస్తోంది.
ఆవిడ తల వంచి విన్నది,
లేసులో పోయిన ముడి వెతికినట్టు.
"డోలక్ కాదిది. మిషను" అంది.
"ఆయనైతే రెండో చరణంలో తాళం తప్పేవోడు.
ఏటేటా అక్కడే."
పాట రెండో చరణానికి వచ్చింది.
తప్పలేదు.

"ఉండనియ్యండి. వాన కబురు కావాలి కదా."
రబ్బరు బ్యాండు మార్చి ఇచ్చాను.
డబ్బులు తీసుకోలేదని కోప్పడింది.
పాలకొల్లు బస్సు అడ్డొచ్చింది, దాని వెనక
ఎటు వెళ్ళిందో చూడలేదు.

చెక్క మీద ఇంకా జానెడు చోటుంది.
ఇలాగే జరిగితే వచ్చే ఏడు వినాయక చవితి,
ఆ పైన శ్రావణం,
ఆ పైన ఓ ఆషాఢంలో
స్టేషనూ సువార్తమ్మ సూదీ
ఒకే పొద్దున మొదలెడతాయి.
ఆ తేదీ నేను రాయను.
పెన్సిలు ఆవిడకిస్తాను.