తరుగు

మధ్యాహ్నం మూడున్నర. కరెంటు పోలేదింకా.
కిటికీ సందుల్లోంచి ఇటుకలపల్లి ఎర్రదుమ్ము.
గాజుపలకల మధ్య జెల్ గట్టిపడింది,
దువ్వెన మెల్లగా పైకి లాగితే
పది బుల్లి గుంతలు.

ఐదోదాంట్లో బోరు కింద పండిన శెనిక్కాయ.
ఆరోదాంట్లో కూడేరు చేనిది,
పూత మీద వాన మొహం చూడనిది.
ఒక్కోటి పది మైక్రోలీటర్లు,
ఈగ తాగి వదిలేసినంత.

అంతకుముందే ఐదు నిమిషాలు మరిగించాను వాటిని
సబ్బుపొడిలో, కుళ్లుకంపు మందులో.
"ఏం సుంకులమ్మా, ఎలక సచ్చిందా?"
అటెండరు నబీరసూలు తువ్వాలు ముక్కుకు కట్టుకున్నాడు.
ముడులన్నీ విప్పాలి గదా రసూలన్నా,
చిక్కుజుట్టులా ముడుచుకున్నదాన్ని
పొడుగెంతో ఎట్లా చెప్పేది?
విప్పినాక సబ్బు దాని ఒళ్లంతా పట్టుకుంటుంది,
ఎంత పొడుగుకి అంత ఋణావేశం.
ఇంటర్లో ఆ మాట మొదటిసారి చదివినప్పుడు
నవ్వాపుకోలేకపోయాను.
ఎంత చేను వేస్తే అంత ఋణం,
మా వీధిలో ఇది సైన్సని ఎవరికీ తెలీదు.

నూరు వోల్టులు.
తీగ పొడుగునా సన్నటి బుడగలు,
నీలం గీత కిందికి బయలుదేరింది.
తేలికవి జెల్ సందుల్లో దూరి ముందుకు పోతాయి,
బరువువి ఇరుక్కుని, ఆగి, మళ్లీ కదిలి.
రాళ్లు లేవు. తక్కెడ లేదు.
ఎంత దూరం పోయిందో చూసి
ఎంత బరువో చెప్తాం.

మా నాయన మార్కెట్ యార్డులో కాటా పట్టేవాడు.
మూటకి రెండు కేజీలు తరుగు:
మట్టికి, తేమకి, గోనెసంచికి.
ఆపైన సేటు దగ్గితే
మూట అంచు కింద ఎత్తే కాలి బొటనవేలికి.
ఆ గోరెప్పుడూ నల్లగానే ఉండేది.
రాత్రి అమ్మ ఆముదం పూస్తూ అడిగితే
"మూట పడిందిలే" అనేవాడు.
ఇన్ని మూటలు ఒకే వేలి మీద ఎట్లా పడతాయో
నాకు తొమ్మిదో తరగతిలో తెలిసింది.

నాలుగూ యాభైకి కరెంటు పోయింది.
రసూలన్న జనరేటరు దగ్గరికి పోయి
డీజిల్ లేదన్న కబురు మోసుకొచ్చాడు.
చీకట్లో ఆ గీతలు
తడికాగితం మీద సిరాలా
కొంచెం కొంచెం పరుచుకుంటూ ఉంటాయి,
కనపడవు, కానీ తెలుసు.
సెల్ఫోన్ వెలుగులో నోటుబుక్కులో రాశాను:
నలభై నిమిషాలు కరెంటు లేదు.
రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు.

రాత్రంతా నీలిరంగులో నానింది.
పొద్దున నీళ్లు మార్చి, మళ్లీ మార్చి,
పదకొండుకల్లా గీతలు తేలాయి.
మొదటి గుంతలో మార్కర్,
ఎవరో ఎక్కడో ముందే తూచి పంపిన ఆరు ప్రొటీన్లు,
ముఖం తెలియని వాళ్ల మాట మీదే నా లెక్కంతా.
ఐదూ ఆరూ కవలపిల్లల్లా ఉన్నాయి,
ఆరోదాంట్లో, బాగా కింద, ఒక్క గీత తప్ప.
వెంట్రుకంత.
నీళ్లు దొరికిన గింజకి దాని అవసరమే రాలేదు.

స్కేలు పెట్టి మిల్లీమీటర్లు కొలిచి
లాగ్ వేసి, గ్రాఫు కాగితం మీద చుక్క పెట్టి
ఇరవైనాలుగు కిలోడాల్టన్లు అన్నాను.
రేణుకాబాయి మేడం కళ్లజోడు పైకి తోసి
"సుమారుగా అని రాయి. పది శాతం అటూ ఇటూ.
కరెంటు సంగతి కూడా రాయి."

ఆదివారం ఫోటో చూపించాను నాయనకి.
నులకమంచం మీద కూర్చుని
ఎండకి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.
"ఇంత సన్నందాన్ని తూచినారా?
తరుగెంత తీస్తారమ్మే దీంట్లో?"
తరుగు కాదు నాయనా,
పది పాళ్లు తప్పు రావచ్చు, ఎక్కువైనా, తక్కువైనా.
"రెండుపక్కలా?"
ఊ.
"రెండుపక్కలానా?"
మళ్లీ ఫోటో వైపే చూస్తున్నాడు.
మంచం కింద, చెప్పులోపల,
బొటనవేలు మెల్లగా ముడుచుకుంది.