కదలకండి

పగలంతా నా నోట ఒకటే మాట.
గడ్డం కాస్త దించండి, చెవులు కనబడాలి,
కదలకండి.
భీమిలి మెయిన్ రోడ్డులో మందుల షాపు మేడ మీద
తెల్ల తెర, ప్లాస్టిక్ స్టూలు.
ఇరవై రెండేళ్లుగా ఊరి మొహాలన్నిటినీ
ముప్పై అయిదు మిల్లీమీటర్ల వెడల్పులో కూర్చోబెడుతున్నాను.

తెల్లవారకముందు మాత్రం
ఆ మాట నాకు నేనే చెప్పుకోవాలి.
గోస్తనీ సముద్రంలో కలిసే చోట,
మడపొదల వెనక, మోకాలి లోతు బురదలో,
వాయిదాల మీద కొన్న లెన్సుకి
పాత లంగా గుడ్డ చుట్టి.
దోమలు నా మెడ మీద తీరిగ్గా భోంచేస్తాయి.

మూడు శీతాకాలాల్లో నీటికుక్కలు నాకిచ్చినవి
తోకలు, బుడగలు,
ఇప్పుడే ఎవరో లేచి వెళ్లిన నీళ్లు.
రాయి మీద పొలుసులు నిండిన పెంట.
ఎండుచేపకీ వాడిన మల్లెలకీ మధ్య
ఎక్కడో దాని వాసన.

మసేను తాత తెప్ప కట్టేసి వస్తాడు.
"ఏటమ్మా, ఆటికి ఫొటోలా? నా వల సూడు ముందు,
ఏటి మిగిల్చినాయి?"
వల ఎత్తి పట్టుకుంటే
చిరుగుల్లోంచి ఏరు మొత్తం కనబడింది.
అదీ తీశాను.

ఈ మంగళవారం
పోటు దిగింది, దిబ్బ ఇంకా ఆరలేదు.
ఒక నీటికుక్క పండుగప్పని పైకి లాక్కొచ్చింది.
కొట్టుకుంటోంది చేప.
వెనకే రెండు పిల్లలు, ఈలల్లాంటి గోల.
అప్పుడు
రెల్లు కదలకుండానే
రెల్లులోంచి బావురుపిల్లి వచ్చింది.

ఇన్నాళ్లూ బురదలో దాని అడుగులు చదివానే గానీ
దాన్ని చూసింది లేదు.
చెవులు వెనక్కి పడుకున్నాయి దానికి.
నీటికుక్క వెనకకాళ్ల మీద లేచి నిలబడింది,
అప్పులవాణ్ని గుమ్మంలోనే ఆపే ఇల్లాలిలా.
రెంటి మీసాల నుంచీ ఒకే ఏటి నీళ్లు.
మధ్యలో చేప నోరు తెరుస్తోంది, మూస్తోంది.
నా ఊపిరికి కెమెరా కన్ను మసకేసింది.

నొక్కాను.

అగ్గిపుల్ల విరిగినంత చప్పుడు.
రెండూ ఒక్కసారే నా వైపు తిరిగాయి.
అంతసేపటి తగువులో
వాటికి కుదిరిన ఒప్పందం నేనొక్కదాన్నే.
ఆ సందులో పండుగప్ప ఒళ్లు విదిలించి
నీళ్లలోకి జారింది.
తర్వాత దిబ్బ, నాలుగు పొలుసులు,
వంతెన మీద మొదటి బస్సు హారను.

ఒక్క ఫ్రేమే. పిల్లి తోక కొస తెగింది,
అంచున నా చెయ్యి వణుకు.
అయినా నాలుగు కళ్లూ
పాస్‌పోర్టుకి పనికొచ్చేంత సూటిగా.
ఆ పూట ఎన్ని కడుపులు మాడ్చానో
లెక్క వేసుకుంటూ బురద కడుక్కున్నాను.
పిల్లలు రెండూ ఫొటోలో లేవు. లెక్కలో ఉన్నాయి.

మసేను తాతకి చూపించాను.
కళ్లజోడు నుదుటి మీంచి దించాడు.
"పెద్దది సెయ్యి."
చేశాను.
"ఇంకా."
నీటికుక్కని దాటాడు, పిల్లిని దాటాడు,
చేప దగ్గర ఆగాడు.
"నాలుగు కేజీల పైనే ఉంటాది.
ఎల్లిపోనాదా?"