ఖాళీ మనిషి

హైఫాంగ్‌లో, కామ్ నది వంతెన దిగాక మా ఆటల కొట్టు.
పద్నాలుగు కంప్యూటర్లు,
అందులో రెండు వాన పడితే పలకవు.

రాత్రి పదకొండు దాటాక ఖుయెన్ వస్తాడు,
రేవులో క్రేను నడిపే మనిషి.
హెల్మెట్ తీసి మౌసు పక్కన బోర్లించి
కారం రొట్టె పొట్లం విప్పి
ఒక రాజ్యం మొదలుపెడతాడు.

ముందు ముగ్గురే కూలీలు.
ఒకడికి చెట్టు చూపిస్తాడు, ఒకడికి పళ్ళపొద,
ఒకామెకు ఇల్లు కట్టే జాగా.
ఇల్లు లేవందే నాలుగో మనిషి పుట్టడు.
ఆ లోకంలో కడుపుకంటే ముందు కప్పు.
కొట్టిన చెట్టు మళ్ళీ మొలవదు.
వెలుగు, మనిషి నడిచినంత మేరే.
మిగతా నేలంతా నలుపు,
ఎవరైనా వెళ్ళి చూసేదాకా లేనట్టే.

తొమ్మిదో కుర్చీలో తియెప్. పదిహేడేళ్ళు.
మీటల మీద వాడి వేళ్ళు వడగళ్ళు.
నారు పోయకముందే సైన్యం పోస్తాడు.

ఖుయెన్ తెర మూల ఓ బొత్తాం మినుకుమంటూనే ఉంటుంది:
ఒకడు పని లేకుండా నిలబడ్డాడు,
ఒకడు పని లేకుండా నిలబడ్డాడు.
"బాబాయ్, వాడిచేత కట్టెలైనా కొట్టించు."
"ఉండనీరా.
పొద్దున్నుంచీ అంత ఎత్తున కూర్చుని చూశాను,
కింద ఒక్కడు ఊరికే నిలబడలేదు."

ఆ ఖాళీ మనిషి ఈశాన్యం మూల
నీటి ఒడ్డున, చేపల వైపు తిరిగి.

నిన్న ఏనుగులొచ్చాయి.
గోడ కట్టేటప్పుడు ఒక చెట్టునీ
గోడ కిందే లెక్కేసుకున్నాడు ఖుయెన్.
దాన్ని తన కూలీయే, చెప్పిన పని చేస్తూ, కొట్టేశాడు.
ఆ సందులోంచి దూరాయి.
గాదెలు, కమ్మరి కొలిమి, ఇరవై ఇళ్ళు.
చిన్న పటం మీద ఎర్రచుక్కలు అమ్మవారు పోసినట్టు.

అయినా ఆట అవలేదు.
చివరి మనిషి పడేదాకా రాజ్యం పడదట, అదీ నియమం.

"ఎక్కడున్నాడు బాబాయ్?"
ఖుయెన్ రొట్టె నములుతున్నాడు.
తియెప్ గుర్రాల్ని నలుదిక్కులా తోలాడు,
అడవుల్ని దున్నించాడు, పడవలు కట్టించాడు.
వాడి పొలాలు ఎండాయి, ఎవరూ చూడలేదు.
గెలిచినవాడు లేచి వెళ్ళలేడు,
ఓడినవాడు టీ అడిగాడు.

ఒంటిగంటకు మూసేయాలి నేను.
రెండుంబావు అయింది.
తాళం చేత్తో పట్టుకుని
ఖుయెన్ కుర్చీ వెనక
చేపల్ని చూస్తూ నిలబడ్డాను.