తుప్పు పిన్నులు

పిన్నులు పీకడం నా పని.
గంటకు పదిహేడు డాలర్లు.
హాలోవెల్ ఊళ్ళో, పాత లైబ్రరీ కింది గదిలో,
కిటికీ అవతల కెనెబెక్ నది గడ్డకట్టి పడుంటే,
అబ్నర్ వీలాక్ అనే వకీలు, వర్తకుడు కూడా,
నూటడెబ్బై ఏళ్ళ కింద గుచ్చిపెట్టినవన్నీ
ఒక్కొక్కటే వదులు చేస్తుంటాను.
పిన్ను వస్తుంది. దాని మచ్చ రాదు.
కాఫీ డబ్బా మూతలో పోగైన తుప్పుకి
ఉప్పుచేప వాసన. లేదా నా భ్రమ.

ఇరవై మూడు పెట్టెలు.
వ్యాపారం ఒక దొంతర, కుటుంబం ఒక దొంతర,
అని లొరెయిన్ రెండు రంగుల చీటీలు చేతిలో పెట్టింది.
మధ్యాహ్నానికే నాకు తలనొప్పి.
భార్య మెహిటబుల్ రాసిన ఉత్తరమే చూడండి,
తపాలా ఖర్చు కలిసొస్తుందని
అడ్డంగా రాసిన పేజీ మీదే మళ్ళీ నిలువునా రాసింది.
పడుగంతా పిల్లల కోరింత దగ్గు,
పేకంతా మొలాసిస్ పీపాల ధర.
ఏ రంగు చీటీ అంటించను?

ఏడో పెట్టెలో ఎండుచేపల లెక్క:
"మూడో రకం. ఇక్కడ ఎవరూ తినరు.
దీవుల్లోని చెరుకుతోటల బానిసలకు సరిపోతుంది."
ముత్యాల్లాంటి దస్తూరీ.
లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను.
మళ్ళీ వచ్చి కూర్చున్నాను, గంటకు పదిహేడు డాలర్లు.

తొమ్మిదో పెట్టెలో నదొడ్డు కొన్న పాత దస్తావేజుకి నకలు.
అమ్మిన అబెనాకీ మనిషి సంతకం చోట తాబేలు బొమ్మ.
గుమాస్తా తాబేలుకి కూడా నకలు దింపాడు.
తోకో, ఐదో కాలో తెలియదు.
నది మాత్రం నకలు కాదు.

పదకొండో పెట్టె మంచుది.
రంపపు పొట్టులో కప్పి, బోస్టన్ రేవు మీదుగా
మద్రాసుకి నూటఎనభై టన్నులు.
ఆ మూడక్షరాల దగ్గర కుర్చీ ముందుకు జరుపుకున్నాను.
నేను కాలేజీకి వెళ్ళే బస్సు
ఐస్‌హౌస్ అనే స్టాపులో ఆగేది.
ఆ ఎండలో ఆ పేరేమిటని ఒక్కరోజూ అడగలేదు.
చేరినవి నూటపది.
మిగతా డెబ్బై, "తరుగు".
దాని కింద, మధ్యలో గీతైనా లేకుండా:
"థియోడోషియా. ఐదేళ్ళు. మార్చి పన్నెండు."
డబ్బు రాయాల్సిన గడిలో ఏమీ లేదు.

ఆ తర్వాతి కట్టలో వడ్రంగి బిల్లు.
జోతమ్ స్నెల్, పైన్ చెక్క పెట్టె, మూడున్నర డాలర్లు.
వెనకవైపు వకీలు గారి జవాబు నకలు:
"బిడ్డ మూడున్నర అడుగులు.
నువ్వు చేసింది నాలుగడుగుల పదంగుళాలు.
అదనపు చెక్కకి అర డాలరు నేనివ్వను."
ఏప్రిల్‌లో ఒకటి. మేలో ఒకటి.
జూన్‌లో కోర్టు పేరు ఎత్తి ఇంకొకటి.
పైకే తిట్టాను నేను, తెలుగులో,
లొరెయిన్ తలెత్తి చూసింది.

స్నెల్ కాగితం ఒక్కటే. సుద్దముక్క పట్టే చేతి రాత:
"అయ్యా, కొలత తీసుకోడానికి
నన్ను మీరు లోపలికి రానివ్వలేదు.
గుమ్మంలోనే నిలబడి, చేతులు చాపి,
ఇంత, అన్నారు.
మీరు చూపించినంతే చేశాను."

దానికి జవాబు లేదు.
డబ్బు ముట్టిన రసీదూ లేదు.
ఇంకో పన్నెండు పెట్టెలున్నాయి, ఉండొచ్చు.

బిల్లునీ ఆ కాగితాన్నీ కలిపి ఒకే పిన్ను.
నూనెచుక్క వేశాను. పలుచటి రేకు దూర్చాను.
లాగితే సగమే వచ్చింది,
మిగతా సగం కాగితంలో విరిగి ఉండిపోయింది.

రెండు చీటీలూ బల్ల మీద అలాగే ఉన్నాయి.
సాయంత్రం రిజిస్టర్‌లో రాశాను:
పదకొండో పెట్టె. పిన్నులు నలభై ఆరున్నర.