అరవై ఒకటో పేజీ మీద వేలు

మార్కాపురం పలకల గనిలో మా నాయన
రాతిని పొరలు పొరలుగా చీల్చేవాడు.
శనివారం సాయంత్రం మస్టరు పుస్తకంలో
ఎడంచేతి బొటనవేలు అద్దేవాడు.
ముద్ర చూసే గుమాస్తా
"ఇది ఓబులేసుది" అనేవాడు, పేరు చదవకుండానే.

నాకూ ఆ వేలే వచ్చింది.
పదో ఏట ఉలి జారి గోరు నిలువునా చీలింది,
ఇప్పటికీ రెండు ముక్కలుగానే పెరుగుతుంది.

పుస్తకం నాదే.
పొదిలి బస్టాండులో మిట్టమధ్యాహ్నం
ఖాసింపీరా మాస్టారు భుజం సంచిలోంచి తీసి అమ్ముతుంటే
నూట ఇరవై ఇచ్చి కొన్నాను.
మెట్ట ఊళ్ల బావుల గురించి.
ఏ బావి ఎవరు తవ్వారు, ఎవరిని చేదనివ్వలేదు,
ఏ కరువులో ఏది పూడిపోయింది.
మా ఊరి దిగుడుబావి కూడా ఉంది,
అరవై ఒకటో పేజీలో.

పోయిన వానాకాలం గోడ చెమ్మకి
అట్ట ఉబ్బింది. చెదలు ఓ మూల రుచి చూశాయి.
నా కళ్లూ ఆ మధ్యనే మసకేశాయి.
ఫోనులోకి ఎక్కించుకుంటే
అక్షరాన్ని రెండు వేళ్లతో సాగదీసి చదవొచ్చు గదా!
పొద్దున్నే డాబా ఎక్కి, నీడ పడకుండా కూర్చుని
ఒక చేత్తో పేజీ అదిమి
ఇంకో చేత్తో ఫొటో, ఫొటో, ఫొటో,
నూట నలభై నాలుగు సార్లు.
అదేం తప్పు? నా చొక్కాకి నేను మాసిక వేసుకున్నట్టు.
ఇప్పటికీ అదే అంటాను.

తప్పు ఎక్కడ మొదలైందో సరిగ్గా చెప్పలేను.
మేనల్లుడు అడిగాడు, పంపాను.
చదివిస్తామని పుస్తకం ఇస్తామే, అట్లాగే అనుకున్నా.
కానీ పుస్తకం ఇస్తే
నా గూట్లో ఒక ఖాళీ ఉండేది.
తిరిగొచ్చేదాకా అది నన్ను అడుగుతుండేది.
ఇదేమో ఇచ్చినా నా దగ్గరే ఉంది.
వాడిచ్చినా వాడి దగ్గరే ఉంది.
వారం తిరిగేసరికి రెండు వందల పద్నాలుగు మంది,
ఒక్క గూట్లోనూ ఖాళీ లేదు.
ఖాళీ కావాల్సిన చోటు వేరే ఉంది.
మాస్టారి మంచం కింద, మూడొందల కాపీలు, పురికొస విప్పకుండా.

"ఊటబావి మామా, చేదితే తరుగుద్దా?" అన్నాడు మేనల్లుడు.
తరగదు, నిజమే.
కానీ ఇది మెట్ట.
నీళ్లు ఊరందరివీ,
తవ్వకానికి తెచ్చిన అప్పు ఒక్కడిది.

మొన్న మాస్టారు ఫోన్ చేశారు. తిట్టలేదు.
"అబ్బయ్యా, బొటనవేలి గోరు చీలింది నీదేనా?"
బస్టాండులో చిల్లర లెక్కబెట్టిన వేలు, గుర్తుందట.
అరవై ఒకటో పేజీ అడుగున
నా వేలు కూడా ఫొటోలో పడింది.
"ఆ బావి నీళ్లు" వరకే కనిపిస్తుంది.
తర్వాతంతా నేనే.
కనిగిరి నుంచి, కంభం నుంచి, ఎక్కడో ఒంగోలు నుంచి
ఆయనకి ఫోన్లట:
నీళ్లు తీపా, చప్పనా, ఉప్పా అని.
"ఏం చెప్పారు సార్?"
"పుస్తకంలో ఉంది అన్నా.
నలుగురు కొన్నారు. మిగతావాళ్లు సరేలే అన్నారు."
నవ్వారో దగ్గారో తెలియలేదు.

రెండు వందల పద్నాలుగు ఇంటూ నూట ఇరవై.
పలక మీద వేసినట్టు వేసి చెరిపేశాను.
అంతమందీ చదివారా?
చదివినోళ్లు కొనేవాళ్లా?
ఏ లెక్కా నా వైపు ముగియడం లేదు.

నాయన వేలు కూలీ ముట్టిందని పడేది.
నాది, ముట్టని కూలీ మీద పడింది.

ఆదివారం పొదిలి పోయి ఐదు కాపీలు తెచ్చాను.
అంతకే వచ్చాయి డబ్బులు.
మేనల్లుడు మళ్లీ మెసేజీ పెట్టాడు:
"ఆ ఒక్క పేజీ నీట్‌గా తీసి పంపు మామా,
అందరూ అడుగుతున్నారు."

చిన్నప్పుడు దోసిలి పట్టి తాగిన బావి అది.
ఆ నీళ్లు ఎట్లుంటాయో
నాకు పుస్తకం అక్కర్లేదు.
ఫోన్ బోర్లించి
చెమ్మ పట్టిన పాత కాపీని ఎండలో పెట్టాను.